ఇంటి గ్రిల్లులూ స్మోకర్లూ: ఆరేళ్ల వాడకంలో తేలినవి

ఇంట్లో మాంసం కాల్చుకోవడానికీ, పొగ పట్టించి వండుకోవడానికీ గడిచిన ఆరేళ్లలో నేను ఐదు రకాల పరికరాలు వాడాను. వాటిలో ఎనామెల్ పూత ఉన్న కెటిల్ గ్రిల్, పక్కన నిప్పుపెట్టె ఉండే ఆఫ్‌సెట్ స్మోకర్, నిలువుగా ఉండే వాటర్ స్మోకర్ నా డబ్బుతో కొన్నవి. గుడ్డు ఆకారపు పింగాణీ కుంపటి అయిన కమడో మా బావగారిది, రంపపు పొట్టు గుళికలతో నడిచే పెల్లెట్ గ్రిల్ ఒక మిత్రుడు ఏడాదిపాటు నా దగ్గర వదిలి వెళ్లినది. కొన్న మూడింటిలో ఒకటి శుద్ధ దండగ అయింది. మిగతా నాలుగింటిలో ఏం చూడాలో ఆ దండగే నాకు నేర్పింది కాబట్టి ఈ సమీక్షలో దానికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను. దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు మాత్రం చెప్పడం లేదు. ఒకే అచ్చులో పోసినట్టుండే అలాంటి స్మోకర్లు రకరకాల పేర్లతో అమ్ముడవుతున్నాయి. లోపం పేరులో లేదు, కట్టిన తీరులో ఉంది.

పరికరం ఎంచుకునే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కాల్చడం వేరు, పొగలో నిదానంగా ఉడికించడం వేరు. కాల్చడానికి కావలసింది నేరుగా తగిలే గట్టి సెగ. బొగ్గులు కణకణలాడుతుంటే, పైనున్న జాలీ 250 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి ఉంటే, పలుచని ముక్కలు, లేత ముక్కలు నిమిషాల్లో రంగు తిరిగి సిద్ధమవుతాయి. ముదురు మాంసం సంగతి అలా కాదు. పంది భుజం, ఎద్దు రొమ్ము భాగమైన బ్రిస్కెట్ వంటి కష్టపడి పనిచేసిన కండల్లో వాటిని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం దండిగా ఉంటుంది. అది కరిగి జిలాటిన్‌గా మారితేనే ముక్క మెత్తబడుతుంది. అందుకు మాంసం లోపలి వేడి మెల్లగా 90 డిగ్రీలు దాటి, 95 చుట్టుపక్కలకు చేరాలి. బయటి సెగ మాత్రం 107 నుంచి 135 డిగ్రీల మధ్య గంటల తరబడి నిలకడగా ఉండాలి. మొదటి పనికి నాలుగు ఇటుకల మధ్య నిప్పులు పోసి, పైన ఒక జాలీ పరిచినా సరిపోతుంది. రెండో పనికి నిప్పును అదుపులో పెట్టగల పరికరం కావాలి. నిప్పును అదుపులో పెట్టడమంటే గాలిని అదుపులో పెట్టడమే. ఎంత బొగ్గు పోశామన్నది కాదు, ఆ బొగ్గుకు ఎంత గాలి అందనిచ్చామన్నదే వేడిని నిర్ణయిస్తుంది. అందువల్ల నేను ఏ పరికరాన్నైనా మొదట చూసేది ఒక్కటే: మూత వేసి, గాలి రంధ్రాలన్నీ మూసేస్తే లోపలి నిప్పు చల్లారిపోతుందా, లేదా?

ఈ పరీక్షలో కెటిల్ గ్రిల్ ప్రతిసారీ నెగ్గింది. 1952లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో వెబర్ బ్రదర్స్ లోహపు కర్మాగారంలో పనిచేస్తున్న జార్జ్ స్టీఫెన్, అక్కడ తయారయ్యే, నీటి మీద తేలే గుండ్రని బోయాలను సగానికి కోసి, కింది సగాన్ని కుంపటిగా, పై సగాన్ని మూతగా మలిచాడు. ఈనాటి కెటిళ్లన్నీ ఆ రూపానికి వారసులే. మూత అంచు కింది గిన్నె అంచు మీద చుట్టూ సమానంగా కూర్చుంటుంది, గాలి లోపలికి రావడానికి అడుగున, బయటికి పోవడానికి మూత మీద రంధ్రాలు ఉంటాయి. ఇంతకు మించి అందులో యంత్రమేమీ లేదు. నేను వాడేది 57 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది. నలుగురైదుగురికి వండేవారు ఇంతకంటే చిన్నది కొనకూడదని నా అభిప్రాయం. కారణం వండే చోటు చాలకపోవడం కాదు. బొగ్గులను ఒక పక్కకు నెట్టి, మాంసాన్ని రెండో పక్కన పెట్టేంత ఎడం చిన్న కెటిల్‌లో దొరకదు. ఆ ఎడం లేకపోతే మూత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కెటిల్‌లో పొగ వంట చేయడానికి నేను పాము పద్ధతి అనుసరిస్తాను. గిన్నె అంచు వెంబడి బ్రికెట్లను, అంటే బొగ్గుపొడిని ఒత్తి చేసిన బిళ్లలను, రెండు వరుసలు కింద, వాటి మీద రెండు వరుసలు పైన పేర్చుకుంటూ సగం చుట్టుకు పైగా తీసుకువెళ్లి, మొదటి సగంలో పైన అక్కడక్కడ కట్టె ముక్కలు ఉంచి, ఒక కొసన మాత్రం బాగా రాజుకున్న పది బ్రికెట్లు పెడతాను. నిప్పు అగరువత్తిలా ఒక కొస నుంచి రెండో కొసకు పాకుతూ పోతుంది. మధ్యలో ఒక రేకు పళ్లెంలో నీళ్లు పోసి, దాని పైన మాంసం పెట్టి, మూత మీది రంధ్రం మాంసం ఉన్న వైపుకు వచ్చేలా తిప్పితే, అడుగు రంధ్రం కాస్త తెరిచి ఉంచితే చాలు, నా కెటిల్ 115 డిగ్రీల దగ్గర ఏడు గంటలు నిలబడుతుంది. అడుగు రంధ్రపు పిడి ఏ గీత దగ్గర ఉంటే ఎంత వేడి వస్తుందో రెండు మూడు వంటల్లో తెలిసిపోయింది. ఆ గీతను బయట గోరుతో గీరితే ఎనామెల్ మీద పడలేదు కాబట్టి పెన్సిల్‌తో కెటిల్ కాలు మీద రాసుకున్నాను. లోపం అంటూ చెప్పాలంటే, వంట నడుస్తుండగా బొగ్గు వేయాలంటే జాలీని ఎత్తాలి. ఒక పక్క తలుపులా తెరుచుకునే జాలీ ఉన్న నమూనా ఎంచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. మూత లోపలి వైపు కొన్నాళ్లకు నల్లని పొరలు రాలడం చూసి పెయింటు ఊడుతోందని భయపడేవారున్నారు. అది పెయింటు కాదు, కొవ్వూ పొగా కలిసి మాడి పేరుకున్న మసి. గీరి తీసేస్తే సరి. అసలైన ఎనామెల్ ఊడేది రాయికో మెట్టుకో తగిలి పెచ్చు లేచినప్పుడే, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది.

ఇక ఆ దండగ గురించి. ఆఫ్‌సెట్ స్మోకర్ చూడటానికి ఠీవిగా ఉంటుంది. పొడవాటి పీపా, పక్కన కాస్త కిందుగా నిప్పుపెట్టె, రెండో కొసన పొగగొట్టం, చక్రాలు. పెద్ద పెద్ద బార్బెక్యూ వంటశాలల్లో కట్టెలతో వండేవారు వాడేది ఈ రూపమే. నేను మోసపోయింది కూడా ఈ రూపానికే. వంటశాలల్లో వాడే ఆఫ్‌సెట్‌కు 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు వాడతారు; అది ఒకసారి వేడెక్కితే కట్టె వేసినప్పుడూ, తలుపు తీసినప్పుడూ వేడి పడిపోకుండా తన దగ్గరున్నది ఇస్తూ ఉంటుంది. నేను కొన్నదాని రేకు మందం 2 మిల్లీమీటర్లు కూడా లేదు. వివరాల పత్రంలో పొడవు, వెడల్పు, బరువు, వండే వైశాల్యం అన్నీ ఉన్నాయి, మందం ఒక్కటే లేదు. మందం రాయని చోట అది తక్కువే అనుకోవాలని అప్పటికి నాకు తెలియదు.

మొదటి వంటలో నిప్పుపెట్టె తలుపు పూర్తిగా మూసినా నిప్పు రగులుతూనే ఉంది. లోపలి వేడి 160 డిగ్రీలకు ఎగబాకి, కట్టె కాస్తా కాలిపోగానే 90కి జారింది. ఆ రోజంతా నలభై నిమిషాలకొకసారి ఒక్కో కట్టె వేస్తూ కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. సాయంత్రానికి నిప్పుపెట్టె వైపు ఉన్న ముక్క బొగ్గయింది, పొగగొట్టం వైపు ఉన్నది రబ్బరులా సాగింది. ఆ రాత్రి స్మోకర్ చల్లారిన తర్వాత ఒక టార్చిలైటు వెలిగించి లోపల పెట్టి, తలుపులన్నీ మూసి, దీపాలన్నీ ఆర్పి చూశాను. పీపా మూత చుట్టూ, నిప్పుపెట్టె అతుకు చుట్టూ, తలుపు బందుల దగ్గర, చివరికి థర్మామీటరు బిగించిన రంధ్రం చుట్టూ కూడా వెలుతురు గీతలు గీతలుగా కనిపించింది. ఒకచోట నా చిటికెన వేలు గోరు దూరింది. ఇన్ని దారుల్లో గాలి ఆడుతుంటే నేను మూసిన ఆ ఒక్క రంధ్రానికి విలువేముంటుంది? నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఈ స్మోకర్‌లో పొగ పొగగొట్టంలో తప్ప తక్కిన అన్ని సందుల్లోంచీ వచ్చేది.

సరిచేయడానికి నా వంతు ప్రయత్నం చేశాను. మూత అంచులకు వేడిని తట్టుకుని సందులు మూసే గాస్కెట్ పట్టీ అంటించాను, అతుకులకు కొలిమి సిమెంటు మెత్తాను, నిప్పుపెట్టె నుంచి వచ్చే సెగ నేరుగా మొదటి ముక్కను తగలకుండా ఒక అడ్డురేకు బిగించాను, పొగగొట్టాన్ని లోపల జాలీ ఎత్తు వరకు పొడిగించాను. ఇన్ని చేస్తే అది వాడదగ్గ స్థితికి వచ్చింది తప్ప మంచి స్మోకర్ కాలేదు. రేకు మందాన్ని ఏ పట్టీ పెంచలేదు కదా. రెండో ఏడాదికి నిప్పుపెట్టె పైన పెయింటు పొడిపొడిగా రాలి, అడుగు రేకు వంకర తిరిగింది. అమ్మినవారికి రాస్తే, వారంటీలో పెయింటు చేరదనీ, నిప్పుపెట్టె నిప్పు వల్ల పాడైతే అది వాడకం కిందికి వస్తుందనీ జవాబు వచ్చింది. నిప్పుపెట్టెలో నిప్పు కాక ఇంకేం పెడతారో ఆ జవాబులో లేదు. మందపు ఉక్కుతో చేసిన ఆఫ్‌సెట్ కొనగలిగినవారికి, కట్టె నిప్పు దగ్గర రోజంతా కూర్చోవడమే సరదా అయినవారికి దాన్ని మించిన రుచి మరొకటి ఇవ్వదని ఒప్పుకుంటాను. తక్కువలో వచ్చే పలుచని ఆఫ్‌సెట్‌ను మాత్రం ఎవరికీ సిఫారసు చేయను.

దాని తర్వాత కొన్న నిలువు వాటర్ స్మోకర్ అన్ని విధాలా దీనికి వ్యతిరేకం. చూపుకు ఏమీ ఉండదు, ఒక పెద్ద నల్లని డబ్బా. అడుగున బొగ్గు, మధ్యలో నీళ్ల పళ్లెం, పైన రెండు జాలీలు, అన్నిటి మీదా మూత. నీరు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పళ్లెంలో నీళ్లున్నంతసేపూ ఆ పళ్లెం అంతకు మించి వేడెక్కదు. బొగ్గుల సెగ ఒక్కసారి ఎగిసినా ఆ వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది కాబట్టి పైనున్న మాంసానికి ఆ కుదుపు తెలియదు. కొత్తగా నేర్చుకునేవారి తప్పులను ఇంతగా కాచుకునే పరికరం ఇంకొకటి నేను చూడలేదు. బొగ్గుల బుట్ట నిండా రాజుకోని బ్రికెట్లు పోసి, మధ్యలో గుంట చేసి, రాజుకున్న పదిహేను బ్రికెట్లను అందులో పోసే మినియన్ పద్ధతిలో నాది రాత్రి పదకొండుకు అంటిస్తే తెల్లవారి ఏడు వరకు చేయి పెట్టకుండా నడిచింది. తలుపు మాత్రం పలుచని రేకు, కొత్తలో సరిగ్గా కూర్చోలేదు. చేత్తో కాస్త వంచి సరిచేసుకున్నాను. మరొక చికాకు, వంటయ్యాక పళ్లెంలో మిగిలే జిడ్డు నీళ్లు. వాటిని పారబోయడం నాకు ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా ఇష్టంలేని పని, అందుకని పళ్లెం మీద రెండు పొరల అల్యూమినియం రేకు తొడిగాకే నీళ్లు పోస్తున్నాను. కోడి చర్మం ఇందులో కరకరలాడదు. ఆ తేమలో అది మెత్తబడి సాగుతుంది; కోడికి కెటిల్ మేలు.

కమడో అంటే జపాను భాషలో పొయ్యి. మందపాటి పింగాణీతో గుడ్డు ఆకారంలో చేసే ఈ కుంపటిని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఎడ్ ఫిషర్. 1974లో అట్లాంటాలో ఆయన మొదలుపెట్టినదే బిగ్ గ్రీన్ ఎగ్. మా బావగారి దగ్గరున్నది వేరే కంపెనీది గానీ పని తీరు ఒకటే. మూత అంచున దట్టమైన గాస్కెట్ ఉండటం వల్లా, గోడ మందం వల్లా గుప్పెడు బొగ్గుతో గంటలు గంటలు నడుస్తుంది, గాలి మూయగానే నిప్పు ఆరిపోయి మిగిలిన బొగ్గు మరుసటిసారికి పనికొస్తుంది. నా గాలి పరీక్షలో దీనిదే మొదటి స్థానం. అయినా నేను కొనలేదు. ఒకసారి వేడి హద్దు దాటితే పింగాణీ దాన్ని వదలడానికి గంటకు పైగా తీసుకుంటుంది. ఈలోగా మాంసం పరిస్థితి మాంసానిది. అందుకే కమడో వాడేవారు కావలసిన వేడికి ఇరవై డిగ్రీలు తక్కువ ఉండగానే రంధ్రాలు బిగించడం మొదలుపెట్టాలి. పెద్ద పరిమాణం బరువు 70 కిలోలు దాటుతుంది, జారి పడితే పగులుతుంది. ఇంకొక ప్రమాదం నాకు అనుభవమే. గాలి అందక కునుకుతున్న నిప్పు ఉండగా మూతను ఒక్కసారిగా ఎత్తితే లోపలికి దూసుకుపోయిన గాలికి మంట భగ్గున పైకి లేస్తుంది. నా కుడి చేతి వెంట్రుకలు ముంజేతి దాకా కాలాయి. ముందు రెండు వేళ్ల మందం ఎత్తి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత పూర్తిగా తెరవాలని బావగారు అప్పుడు చెప్పారు, ఒక నిమిషం ముందు చెప్పి ఉంటే బాగుండేది.

పెల్లెట్ గ్రిల్‌కు 1980లలో అమెరికాలోని ఒరెగాన్‌లో జో ట్రేగర్ రూపం ఇచ్చాడు. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి చేసిన గుళికలను ఒక మర స్క్రూ నిప్పు గిన్నెలోకి తోస్తుంది, వేడి కడ్డీ వాటిని అంటిస్తుంది, పంకా మంటను నిలబెడుతుంది, కంట్రోలరు వేడిని చూస్తూ స్క్రూను తిప్పుతుంది. అంకె నొక్కి లోపలికి వెళ్లిపోవచ్చు. ఏడాదిలో నేను వండిన భోజనాల్లో అతి తక్కువ శ్రమతో అయినవి దీనిలోనివే, అతి తక్కువ పొగ వాసన పట్టినవీ దీనిలోనివే. పొట్టు శుభ్రంగా, పూర్తిగా కాలిపోవడం వల్ల పొగ పలచగా ఉంటుంది. పొగ ఘాటు కోసం కొనేవారికి ఇది తెలిసి ఉండాలి. కరెంటు లేనిదే పనిచేయదు. గుళికలకు తేమ తగిలితే ఉబ్బి పొట్టుగా విడిపోతాయి, ఆ ముద్ద స్క్రూలో బిగుసుకుంటుంది. వానాకాలంలో నాకది ఒకసారి జరిగింది, స్క్రూ విప్పి శుభ్రం చేయడానికి సగం రోజు పట్టింది. ప్రతి వంట తర్వాతా డబ్బాలోని గుళికలు ఖాళీ చేసి మూత ఉన్న బకెట్లో పోసుకునే ఓపిక ఉంటేనే కొనండి. గ్యాస్ గ్రిల్ గురించి ఎక్కువ చెప్పను. పని ముగించుకుని వచ్చి అరగంటలో తినాలనుకునేవారికి అది చక్కని పరికరం, పొగ వంటకు కాదు. చిల్లుల డబ్బాలో కట్టె ముక్కలు వేసి బర్నరు మీద పెట్టినా, వెనక పొగ పోవడానికి వదిలిన పెద్ద సందుల గుండా ఆ పొగ మాంసం మొహం చూడకుండానే వెళ్లిపోతుంది.

జాలీల విషయంలో అమ్మేవారి మాటలు చాలా వినబడతాయి. పోత ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది, మాంసం మీద గీతలు అందంగా పడతాయి, కానీ నూనె రాయకుండా వదిలేస్తే వారంలో తుప్పు. క్రోమియం పూత ఉన్న సన్న కమ్మీలు చవక, రెండేళ్లలో పూత పోతుంది. 8 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీల జాలీ దొరికితే అదే కొనాలి. స్టీలు ఏ రకమో తెలుసుకోవడానికి జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుంటే ఉపయోగం. 304 రకం దానికి దాదాపు అంటుకోదు, తుప్పును తక్కువగా తట్టుకునే 430 రకం గట్టిగా అంటుకుంటుంది. జింకు పూత పూసిన గాల్వనైజ్డ్ రేకుగానీ జాలీగానీ నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. బాగా వేడెక్కితే జింకు పొగలు వెలువడి మనిషికి జ్వరం తెప్పిస్తాయి. పాత పీపాతో సొంతంగా స్మోకర్ చేసుకునేవారు ఈ సంగతితోపాటు ఆ పీపాలో అంతకుముందు ఏం నిల్వచేశారో కూడా విచారించుకోవాలి. కొత్త పరికరమైతే మొదటిసారి మాంసం లేకుండా గంటన్నరపాటు గట్టిగా కాల్చి, తయారీలో అంటిన నూనెలు పోగొట్టాకే వాడాలి.

గ్రిల్‌కంటే ముందు కొనవలసిన వస్తువు ఒకటుంది, అది థర్మామీటరు. ఈ మాట అతిశయోక్తిలా వినిపిస్తుందని తెలుసు. మూతకు బిగించి వచ్చే ముల్లు థర్మామీటరు మూత దగ్గరి గాలిని కొలుస్తుంది. మాంసం ఉండేది కింద జాలీ మీద. నా కెటిల్‌లో మూత ముల్లు 135 చూపుతున్నప్పుడు జాలీ మీద పెట్టిన ప్రోబ్, అంటే తీగ కొసన ఉండే కొలత సూది, 112 చూపింది. మూతను నమ్ముకుని రెండేళ్లు వండిన వంటలన్నీ ఎందుకు ఆలస్యమయ్యాయో ఆ రోజు అర్థమైంది. కావలసినవి రెండు. మూత మూసి ఉండగానే జాలీ వేడినీ, మాంసం లోపలి వేడినీ విడివిడిగా చూపే రెండు ప్రోబుల పరికరం ఒకటి. అక్కడక్కడ గుచ్చి రెండు మూడు సెకన్లలో అంకె చూసుకునే థర్మోకపుల్ సూది ఒకటి. ఫోనులో కనిపించే సౌకర్యం ఉంటే మంచిదే గానీ, దానికోసం ప్రోబ్ నాణ్యత వదులుకోవద్దు. ప్రోబ్ తీగ మంటకు తగిలి కాలిపోవడం తరచుగా జరుగుతుంది కాబట్టి విడిగా ప్రోబులు దొరికే రకమే కొనాలి. కొన్న రోజునే ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందులు నిండేంత మాత్రమే నీళ్లు పోసి, కలిపి, ఐసు మధ్యలో సూది కొస నిలిపి చూడండి. సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు, మూడు డిగ్రీలైతే తిరిగి ఇచ్చేయాలి. మరిగే నీటితో చూసేవారు తాము ఉన్న ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మరుగు స్థానం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది.

ఈ థర్మామీటరే లేకపోతే నా మొదటి పంది భుజం మాంసం సగంలో ఆగిపోయేది. మధ్యాహ్నం వరకు చకచకా పెరిగిన లోపలి వేడి 68 డిగ్రీల దగ్గర నిలిచిపోయి మూడు గంటలు కదల్లేదు. నిప్పు చల్లారిందేమోనని చూస్తే జాలీ దగ్గర 118 స్థిరంగా ఉంది. మన ఒంటికి చెమట పట్టి చల్లబడినట్టే మాంసం మీది తేమ ఆవిరవుతూ వేడినంతా లాగేసుకుంటుంది, ఆ తేమ తగ్గాకే వేడి మళ్లీ కదులుతుంది. రెండు ప్రోబులున్నాయి కాబట్టి తప్పు నిప్పుది కాదని తెలిసింది; ఒక్క మూత ముల్లే ఉంటే కంగారుపడి గాలి తెరిచి, బొగ్గు పోసి, ముక్కను మాడ్చేవాడిని. తొందర ఉన్నవారు ఆ దశలో మాంసాన్ని అల్యూమినియం రేకులోగానీ, మైనపు పూత లేని మందపాటి కాగితంలోగానీ గట్టిగా చుట్టి మళ్లీ పెడితే త్వరగా దాటుతుంది. కోడి విషయంలో థర్మామీటరు రుచికి మాత్రమే కాదు, ఆరోగ్యానికి కూడా అవసరం. పొగలో ఉడికిన కోడి ఎముక దగ్గర పూర్తిగా ఉడికినా గులాబీ రంగులోనే ఉండవచ్చు కాబట్టి రంగు చూసి చెప్పలేం. అతి మందమైన చోట 74 డిగ్రీలు చేరిందా అన్నదే చూడాలి.

ఇంధనం అంటించడానికి చిమ్నీ స్టార్టర్ తప్ప మరేదీ అవసరం లేదు. అడుగున చిల్లులున్న రేకు గొట్టం, దాని కింద రెండు కాగితాల ఉండలు. పావుగంట దాటేసరికి పైనున్న బొగ్గుల అంచులకు బూడిద రంగు నివురు వస్తుంది. అంటించే ద్రవాలు వాడితే ఆ వాసన మూత లోపలి మసిలో కూడా చేరుతుంది, నా ముక్కుకు అది నాలుగు వంటల దాకా వదల్లేదు. ఒకే పరిమాణంలో ఉండే బ్రికెట్లు నిదానపు వంటకు, వేగంగా అంటుకుని గట్టి సెగ ఇచ్చే కట్టెబొగ్గు కాల్చడానికీ, బూడిద తక్కువ కావలసిన కమడోకూ బాగుంటాయి. పొగ కోసం ఓక్, హికరీ, ఆపిల్, చెర్రీ వంటి గట్టి కట్టె ఏదైనా పనికొస్తుంది. జిగురు కారే పైన్ వంటివీ, రంగు వేసినవీ, మందు పట్టించినవీ పనికిరావు. ముక్కలను నీళ్లలో నానబెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. ఒక రాత్రి నానిన ఓక్ ముక్కను కోసి చూశాను, అంచున గీత మందం తప్ప లోపల పొడిగానే ఉంది. ఆ పైతడి ఆరేదాకా వచ్చేది ఆవిరే, పొగ కాదు. పొగ తెల్లగా, దట్టంగా సుడులు తిరుగుతుంటే మాంసం చేదెక్కుతుంది. పలచగా, నీలి ఛాయలో, ఉందా లేదా అన్నట్టు కనిపించేదాకా ఆగి అప్పుడు మాంసం పెట్టాలి.

చిన్న సామాన్లలో పొడవాటి పటకారు, మోచేతి దాకా వచ్చే తోలు చేతి తొడుగులు, బిగుతైన మూత ఉన్న ఇనుప బూడిద డబ్బా నాకు ప్రతిసారీ పనికొచ్చాయి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నివురుగప్పిన నిప్పు మరుసటి రోజు కూడా ఉండవచ్చు కాబట్టి ప్లాస్టిక్ బకెట్లో పోయకూడదు. తీగల బ్రష్షును మాత్రం పారేశాను. ఊడిన తీగ ముక్క జాలీకి అంటి తిండిలోకి చేరే ప్రమాదం ఉంది, అల్యూమినియం రేకును ఉండగా చుట్టి పటకారుతో రుద్దితే అదే పని జరుగుతుంది. మాంసం చీల్చే పులిగోళ్లు, రుచినీళ్లు ఎక్కించే సిరంజి, తిప్పుడు కడ్డీ మోటారు, మూడూ కొన్నాను, మూడూ అటక మీద ఉన్నాయి. పరికరం ఏదైనా ఆరుబయటే వాడాలి. రాజుకుంటున్న బొగ్గు వాసన లేని, కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. వాన వచ్చిందని గ్యారేజీలోకి, వరండా తలుపుల వెనక్కి లాగితే ప్రాణాల మీదికి వస్తుంది. కిటికీ తెరిచి ఉంచడం దానికి విరుగుడు కాదు.

ఇప్పుడు నా పెరట్లో వాడకంలో ఉన్నవి రెండే. వారంలో రెండు సార్లు కెటిల్, నెలకొకసారి వాటర్ స్మోకర్. ఒక్కటే కొనగలిగినవారు కెటిల్, దానితోపాటు రెండు ప్రోబుల థర్మామీటరు, చిమ్నీ స్టార్టర్ కొనుక్కుని ఏడాది వండాక మిగతా సంగతి ఆలోచించుకోవచ్చు. ఆఫ్‌సెట్‌ను ఊరికే ఇస్తానన్నా తీసుకునేవారు దొరకలేదు. కనీసం బొగ్గు బస్తాలు దాచుకోవడానికైనా ఉంటుందని దాని పీపాలో రెండు బస్తాలు పెట్టి మూత వేశాను. మొదటి వానకే రెండూ తడిసి ముద్దయ్యాయి.